లేపు, లేపెయ్

మార్చి 5, బుధవారం

శ్రమదినాలు మొదలయ్యాయి, ఈస్టరు దాకా ఏదో ఒకటి మానుకోవాలి. పోయిన ఏడు టీ మానేశాను. ఈసారి సణగడం మానేయాలని ప్రార్థనలో తీర్మానించుకున్నాను. పైకి సణిగే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. నా గొంతు పక్క గదికి కూడా వినపడదని మా అత్తగారు అనేవారు. నేను సణిగేదంతా లోపలే. కాబట్టి ఇది సులభమైన తీర్మానం కాదు.

మా షాపులోకి ఇవాళ కొత్తమ్మాయి వచ్చింది. పేరు సుమ. గుంటూరు వైపు పిల్ల. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు, కాపురం జమ్మలమడుగులో. పెళ్లికి ముందు బెంగళూరులో బోర్డులు చేసే కంపెనీలో ఉద్యోగం చేసిందట. రోజూ బస్సులో ప్రొద్దుటూరు వచ్చి పోతుందట.

మా ఆయన టేబుల్ దగ్గర నుంచి నావైపు తిరిగి, "సంతోషమ్మా, రోంత లెయ్. ఆ పాప కూర్చుంటాది" అన్నారు.

లేచాను.

మార్చి 6

ఆ కుర్చీ గురించి రాయాల్సినంత విషయం లేదు. ఆయన రేడియోలు, టీవీలు బాగుచేసే రోజుల నుంచి ఆయన కుడిపక్క కుర్చీ నాది. రేడియోలు పోయాయి. టీవీలు పోయాయి. ఇప్పుడు పులివెందుల చీనీ తోటలకు, సుమ వాళ్లు బత్తాయి అంటారు, డ్రిప్పు పెట్టెలు చేస్తున్నాం. వేళకు వాల్వులు తెరిచి, వేళకు మూసే పెట్టెలు. ఇన్ని మారినా కుర్చీ మారలేదు. అల్లిక తెగిపోతే నేనే దగ్గరుండి అల్లించాను.

సుమ ఇవాళ నన్ను అడిగింది: "ఆంటీ, మీకు బూట్‌లోడర్ అంటే ఏంటో తెలుసా?"

తెలియకేం. పెట్టెలోపల బోర్డు ఉంటుంది. కరెంటు ఇవ్వగానే అందులో ముందు కళ్లు తెరిచే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడరు. అది తాను లేచి, లైనక్స్ అనే పెద్ద ప్రోగ్రామును లేపుతుంది. ఆ పెద్దది లేచాకే వాల్వుల పని. మేము వాడేదాని పేరు యూ-బూట్. స్క్రీను మీద మూడు, రెండు, ఒకటి అని లెక్క తగ్గుతూ వస్తుంది. సున్నా అయ్యేలోపు ఏదో ఒక మీట నొక్కి ఆపాలి. ఆపి, ఆయన నేర్పిన నాలుగు వరుసలు కొట్టి, చివర బూట్ అని కొడితే లేస్తుంది. మా షాపు దాటి పోయిన ప్రతి బోర్డునూ లేపింది నేనే. లెక్క తగ్గేటప్పుడు "ప్రభువా" అనుకుని మీట నొక్కుతాను. ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

ఇవేవీ ఆ పిల్లకు చెప్పలేదు. "తెలుసమ్మా" అన్నాను.

మొదటి బోర్డు మీద పచ్చ లైటు వెలిగిన రోజు "లేచింది, లేచింది" అని అరిచింది నేనే. నేను అరవగా ఆయన వినడం అదే మొదలు. అప్పటి నుంచి మా షాపులో బూట్ చేయడం అనరు, లేపడం అంటారు. ఈస్టరు ఆరాధనలో వినే మాట. నాకు ఇష్టమైన మాట.

నన్ను వెనక టేబుల్ దగ్గర స్క్రూలు బిగించమన్నారు. అది కూడా అవసరమైన పనే.

మార్చి 8

మధ్యాహ్నం ఆయన ఏదో బిగిస్తూ ఉంటే, మూలన ఉన్న బోర్డును చూపించి సుమతో అన్నాను, "దాన్ని లేపెయ్ మ్మా" అని.

ఆ పిల్ల నా ముఖం చూసింది. "లేపేయాలా ఆంటీ? మొత్తమా?"

"ఆ, మొత్తం లేపకుండా సగం ఎట్ల లేపుతావు?"

అది తుడిచేసే కమాండు కొట్టబోయింది. ఆయన చూసి చెయ్యి అడ్డం పెట్టారు. "యో పాపా! ఏంది చేస్తాండావు?"

"ఆంటీ లేపేయమన్నారు కదా సార్. మా వైపు లేపేయడమంటే డిలీట్ చేసేయడం. లేదంటే ఎవరి వస్తువో కొట్టేయడం."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. "మా కడప జిల్లాలో ఇంగా పెద్దది పాపా. లేపెయ్ అంటే మనిషినే లేపేస్తారు! ఇంగ చూసుకో, మా సంతోషమ్మ చర్చిలో మాట తెచ్చి బోర్డుకు పెట్టె, నువ్వు దాన్ని ఫ్యాక్షన్ మాట చేస్తివి." పక్కన గాజుల కొట్టు ఖమర్‌బీ కూడా తొంగి చూసి నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు ఆయన. చివరికి, "సరే, ఇద్దరూ వినండి. బూట్ చెయ్యాలంటే లేపు. తుడిచెయ్యాలంటే తుడుపు. లేపెయ్ అనే మాట ఈ షాపులో వద్దు" అన్నారు.

నేనూ నవ్వాను. నిజంగానే నవ్వు వచ్చింది.

ఆయన అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

మార్చి 12

సుమ ఎందుకు వచ్చిందో ఇవాళ వివరంగా చెప్పారు. పులివెందుల ఆదినారాయణ రెడ్డి, ఆయన చుట్టుపక్కల రైతులు తమ తోటలన్నింటికీ మా పెట్టెలే పెట్టుకుంటామంటున్నారు. ఒకటే షరతు. కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తుండగా మధ్యలో కరెంటు పోతే పెట్టె చచ్చిపోతోంది. మా ఆయన మోటారుసైకిల్ వేసుకుని పోయి బతికించాలి. అలా కాకుండా, కొత్తది లేవకపోతే పాతదాన్ని దానంతట అదే లేపుకునే పెట్టె కావాలి. ఆ పని చేయాల్సింది బూట్‌లోడరే. ఏ బూట్‌లోడరు పెట్టుకోవాలో ఈస్టరులోగా తేల్చాలి.

యూ-బూట్ ఒకటి, మా పాతది. సుమ చెప్పేది ఇంకొకటి, బేర్‌బాక్స్. అందులో సెట్టింగులన్నీ ఫైళ్లలా వరుసగా పెట్టి ఉంటాయి. తెరిచి చదవవచ్చు, దిద్దవచ్చు. సుమ చూపిస్తూ ఉంటే ఆయన "శానా బాగుంది పాపా, శానా బాగుంది" అన్నారు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగారు. అది మూడుసార్లూ చెప్పింది.

నాకు ఆయన ఏదీ రెండోసారి చెప్పలేదు. రెండోసారి అడగాలని నాకూ అనిపించలేదు. భయం వల్ల కాదు.

బేర్‌బాక్స్ వస్తే నా నాలుగు వరుసలు చెల్లవు. వరుసలు చెల్లకపోతే ఆ కుర్చీలో నాకేం పని? అదొక్కటే నా ప్రశ్న. అసూయ ఏమీ లేదు.

మార్చి 13

సుమ కోసం ప్రార్థించాను. దానికి బెంగళూరులో మంచి ఉద్యోగం దొరకాలని.

మార్చి 16, ఆదివారం

ఆరాధన నుంచి ఇంటికి వచ్చేదాకా ఆయన బేర్‌బాక్స్ గురించే చెప్పారు. పాస్టరుగారి వాక్యం ఎలా ఉందని అడిగితే "బాగుంది" అన్నారు. ఏ వాక్యమో అడగలేదు నేను.

మార్చి 19

నా నాలుగు వరుసల్లో చివరిది సేవ్ ఎన్వీ. ఇన్నాళ్లూ అర్థం తెలియకుండానే కొట్టాను. సుమను అడగడం ఇష్టంలేక, కడపలో నర్సుగా ఉన్న మా అమ్మాయి జీవితకు ఫోన్ చేశాను. "ఎన్వీ అంటే ఏందే?"

"అసూయ మ్మా. ఎందుకు?"

ఏం లేదని ఫోన్ పెట్టేశాను.

ఇన్ని బోర్డులలో అసూయ దాచిపెట్టానా నేను?

మార్చి 20

అది అసూయ కాదట. ఎన్విరాన్‌మెంట్ అనే పొడుగు మాటను కోసి అలా చేశారట. బోర్డు గుర్తుంచుకోవాల్సిన సంగతులన్నీ అందులో ఉంటాయట. నేను గొణుక్కోవడం విని సుమే చెప్పింది. నవ్వలేదు కూడా. నవ్వి ఉంటే బాగుండేది.

మార్చి 22

సుమ ఆయనకు చెబుతోంది, నేను వెనక టేబుల్ దగ్గర వింటున్నాను. "లైనక్స్ లేచాక బూట్‌లోడర్ పని అయిపోయినట్టే సార్. మెమొరీలో దాని చోటు కూడా లైనక్సే వాడేసుకుంటుంది. ఇంక దాని అవసరం ఉండదు."

"అంతేనా? పాపం" అన్నారు ఆయన.

మా ఇంట్లో ముందు లేచేది నేను. పొయ్యి వెలిగించి, నీళ్లు పట్టి, ప్రార్థన చేసుకుని, అప్పుడు ఆయనను లేపుతాను.

ఇవాళ స్క్రూ ఒకటి బిగించబోతే చేతి నుంచి జారి ఎటో పోయింది. వెతకలేదు.

మార్చి 24

ఖమర్‌బీ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఏమక్కా, నీ కుర్చీ యాడికి పాయ?"

"ఈడ్నే ఉంది గదా."

"కుర్చీ ఈడ్నే ఉంది. నువ్వు యాడుండావు అని అడుగుతాండా."

"నీకు గాజులమ్మే పని లేదా?"

"నా గాజులు ఎవరూ ఎత్తుకోని పోరు లేక్కా, నువ్వు నీది చూసుకో" అని నవ్వుకుంటూ పోయింది.

రాత్రి భోజనం దగ్గర ఆయనతో మాట్లాడాను. తోటల్లో మన బోర్డులు ఒకే రకానివి కావు, మొదట పెట్టినవి పాత రకం, తరువాతివి వేరు. యూ-బూట్ అన్నింటి మీదా లేచింది. ఆ కొత్తది పాత వాటి మీద లేస్తుందని ఎవరు చెప్పారు? రేపు ఆ పిల్ల మొగుడికి వేరే ఊరికి బదిలీ అయితే మనకు తెలియనిది ఎవరిని అడుగుతాం? యూ-బూట్ అయితే నలుగురికి తెలుసు.

ఆయన అన్నం కలుపుతూ ఆగారు. "నువ్వు చెప్పేది ఆలోచించాల్సిందే సంతోషమ్మా. ఇంత దూరం ఆలోచిస్తాండావని నాకు తెలీదు."

నేను అంత దూరం ఆలోచించలేదు. కుర్చీ దాకానే ఆలోచించాను. కారణాలు తరువాత దొరికాయి.

మార్చి 30

ఉగాది అని సుమ పచ్చడి తెచ్చింది. ఆయన రెండుసార్లు పెట్టించుకున్నారు. నేను ఉపవాసమని చెప్పాను. ఆదివారం ఉపవాసం ఉండరని ఆయనకు తెలుసు.

ఏప్రిల్ 2

రేపు సుమ పులివెందుల పోతుంది. ఆదినారాయణ తోటలో ఉన్న పాత రకం బోర్డును చూసి రావడానికి. దాన్ని తుడిచి బేర్‌బాక్స్ ఎక్కించాలా, ఉన్నది ఉన్నట్టు వదిలేయాలా అని ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడారు. తెగలేదు. ఆయన రేపు సామాను కోసం కడప పోతున్నారు. పోయేముందు నాతో చెప్పారు: "నేను రోంత కనుక్కోని చెప్తానంటిని. బస్సులో నా ఫోన్ తగలకపోతే ఆ పాప నీకు చేస్తాది. ఉన్నది ఉన్నట్టు లేపి వచ్చెయ్ అని చెప్పు. తుడపొద్దు. పాత బోర్డు, ఇప్పుడే వద్దు."

సరే అన్నాను.

ఏప్రిల్ 3

సుమ ఫోన్ చేసింది. లేపమని చెప్పాను.

ఎండ చాలా ఎక్కువగా ఉంది. పెరుగు పులిసిపోయింది.

ఏప్రిల్ 4

బోర్డు చచ్చిపోయింది. సుమ దాన్ని తుడిచి కొత్తది ఎక్కించింది. ఆ పాత రకం మీద కొత్తది లేవలేదు. తోటకు పెట్టిన వేళలు, మడుల వరుస, అన్నీ పోయాయి. తోటలో వనజమ్మకు వాల్వులు చేత్తో తిప్పమని చెప్పి, బోర్డు విప్పి బస్సులో తెచ్చింది. వనజమ్మ ఆదినారాయణ భార్య. అతను ఖాజీపేటలో బంధువుల పెళ్లికి పోయి ఉన్నాడట.

"ఆంటీ లేపెయ్ అన్నారు సార్" అంది సుమ.

నేను లేపు అన్నాను.

ఏప్రిల్ 5

లేపు అనే అన్నాను. ఫోన్‌లో గాలి శబ్దం ఉంది. తోట కదా.

ఏప్రిల్ 8

ఆదినారాయణ వచ్చాడు. అతను కోపంగా అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే బాగుండేది.

"నీ పెట్టెను నమ్ముకోని పెండ్లికి పోతి నతానియేలప్పా. మా ఆడామె పాపం అన్ని వాల్వులూ తిప్పె. కడ మడి వాల్వు గట్టుకు అవతలుంది, అది మర్చిపాయ. వచ్చి చూస్తే కొత్తగా పెట్టిన అంటుమొక్కలన్నీ తలకాయలు వాల్చేసిండాయి. మూడేండ్లు సాకితే గానీ కాపు రాదు చీనీకి. ఇంగ పెట్టెల సంగతి మళ్లా మాట్లాడదాం."

"నాదే తప్పప్పా" అన్నారు మా ఆయన.

"నీది కాదు, నాకు తెలుసు. ఎవురిదో నువ్వే చూసుకో."

సుమ గోడ వైపు చూస్తూ నిలబడింది. నోరు తెరుస్తుందేమోనని నేను స్క్రూల డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉన్నాను. ఎందుకో తెలియదు. లేపు అనే కదా అన్నాను.

ఏప్రిల్ 9

ఆయన సుమతో, "కొన్నాళ్లు ఇంటికాడ ఉండు పాపా, నేను చెప్పి పంపుతా" అన్నారు. "పాతదే పెట్టుకుందాం. సంతోషమ్మ ముందే చెప్పె."

సుమ బ్యాగు తీసుకుని, "వస్తాను ఆంటీ" అంది.

ఏప్రిల్ 10

కుర్చీలో కూర్చున్నాను.

ఏప్రిల్ 11

ఖమర్‌బీ తొంగి చూసి, "వచ్చేసినావా అక్కా యథాస్థానానికి!" అంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

మట్టలాదివారం. పిల్లలు మట్టలు పట్టుకుని వీధంతా పాడుకుంటూ తిరిగారు. నేనూ తిరిగాను. పాడలేదు. దగ్గు అని చెప్పాను.

ఏప్రిల్ 15

ఆయన కొత్తది లేవకపోతే పాతది లేచేలా యూ-బూట్‌లోనే పెట్టాలని చూస్తున్నారు. కుదరడం లేదు. మధ్యలో ప్లగ్గు పీకుతారు, బోర్డు చచ్చిపోతుంది. మళ్లీ మొదలు. పక్కనే ఉన్నాను. ఒక వరుస చూపించి "ఇదేందంటావు?" అని అడిగారు. నాకు తెలియదు. అలవాటు కొద్దీ అడిగారు, సుమ అనుకుని. నా ముఖం చూశాక తల తిప్పుకున్నారు.

నన్ను అడిగేవాటికి జవాబులు నా దగ్గర లేవు. నా దగ్గర నాలుగు వరుసలు ఉన్నాయి.

ఒకవేళ లేపెయ్ అన్నానేమో. అలవాటు మాట కదా. నోరు జారి ఉండవచ్చు.

ఏప్రిల్ 16

నోరు జారి ఉండవచ్చు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

జమ్మలమడుగు పోయాను. నేను బాప్తిస్మం తీసుకున్న గుడిలోనే ప్రతి ఏడూ ఈ రోజు కూర్చుంటాను. పన్నెండు నుంచి మూడు దాకా, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. ఫ్యాన్లు వేడిగాలి విసురుతున్నాయి. పాస్టరుగారు మొదటి మాట తీసుకున్నారు. తాము చేసేది తెలియక చేసేవారిని క్షమించమని అడిగిన మాట.

చిన్నప్పటి నుంచి వింటున్న మాట. ఇవాళ మాత్రం దాని తరువాత ఏముందోనని ఎదురుచూశాను. తెలిసి చేసినవారి గురించి. రెండో మాటలో లేదు. మూడో మాటలో లేదు. ఏడూ అయిపోయాయి.

గుడి నుంచి సుమ ఇల్లు దూరం కాదు, పాత మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో మేడ మీద. కాళ్లు అటే పోయాయి అని రాయబోయి కొట్టేశాను. కాళ్లు పోలేదు. నేనే పోయాను.

తలుపు తీసి, "ఆంటీ! ఎండలో ఏంటండీ ఇలా?" అంది. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"సుమా, ఆరోజు ఫోన్‌లో మాట తేడా వచ్చినట్టుంది. నేను లేపు అన్నాననుకున్నా. లేపెయ్ అని ఉంటానేమో."

అది నా ఎదురుగా కింద కూర్చుంది. "లేపెయ్ అన్నారు ఆంటీ."

"ఊ."

"నాకు అనుమానం వచ్చింది. ఆరోజు షాపులో నవ్వుకున్నాం కదా, ఆ మాట వద్దని సార్ కూడా అన్నారు. అందుకే అడిగాను, మొత్తమా ఆంటీ, అని. మీరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఊ, మొత్తం, అన్నారు."

ఫ్యాను తిరుగుతోంది. గాలి శబ్దం ఏమీ లేదు ఆరోజు ఫోన్‌లో. దాని గొంతు స్పష్టంగా వినపడింది. మొత్తమా ఆంటీ అని. మార్చి నెలలో అదే మాట, అదే గొంతుతో అడిగి తుడవబోయింది. అది నాకు ఆ క్షణంలో గుర్తుంది. గుర్తుండే అన్నాను.

ఏప్రిల్ మూడున ఇది నేను రాయలేదు. పెరుగు గురించి రాశాను.

"నువ్వు మళ్లీ అడిగిన సంగతి మీ సార్‌కు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఏమవుతుంది? మిమ్మల్ని ఆ కుర్చీలోంచి లేపేస్తారు. నాకు ఇంకోచోట పని దొరుకుతుంది ఆంటీ. మీకు ఆ కుర్చీ తప్ప ఇంకోటి లేదు కదా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"మీ మీద కోపం లేదని మాత్రం అనుకోకండి," అంది. "చాలా ఉంది. బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. అయినా తుడిచేముందు పాతదానికి కాపీ తీసుకోవాల్సింది, అది నా తప్పు. ఎవరు చెప్పినా సరే కాపీ తీసుకోవాలి."

"నేను తెలిసే అన్నాను సుమా."

"తెలుసు ఆంటీ. మజ్జిగ తాగండి. వేడెక్కిపోతుంది."

తాగాను. దాని మంచితనం చూసి నా మనసు కరిగిందని రాస్తే అబద్ధం. మంట పుట్టింది. నా వయసులో సగం కొద్దిగా దాటిన పిల్ల, నా కుర్చీ ఎంత చిన్నదో కొలిచి, జాలిపడి నాకు వదిలేసింది. బోర్డు, ఆయన నవ్వు, చివరికి నన్ను క్షమించే పని కూడా దానికే వచ్చు.

పెన్న మీద బస్సు పోతుంటే కిటికీలోంచి ఇసుకే కనపడింది.

ఏప్రిల్ 20, ఈస్టరు ఆదివారం

తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. తండ్రి కుమారుని లేపెను అని పాస్టరుగారు అనగానే అందరూ హల్లెలూయా అన్నారు. నేను కొవ్వొత్తి మీద కారిన మైనం గోటితో గీకుతూ ఉన్నాను. నాకు ఇష్టమైన మాటను నేనే పాడు చేసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆయన చొక్కా మార్చుకుంటుండగా చెప్పాను. మెల్లగా చెబితే వినపడలేదు. "ఏందీ?" అన్నారు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సుమ ఫోన్‌లో మొత్తమా అని అడిగిందని, తెలిసే ఊ అన్నానని.

ఆయన మంచం మీద కూర్చున్నారు. చొక్కా ఒక చెయ్యి తొడిగి, ఇంకో చెయ్యి తొడగకుండా.

"కుర్చీ కోసమా?"

"ఆ."

"ఇంగో కుర్చీ ఏస్తే పోయేది గదే!"

"మీరు వెయ్యలేదు."

ఇది అనాలని నేను అనుకోలేదు. ఆయన చొక్కా రెండో చెయ్యి తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నారు. కోపమో కాదో తెలియలేదు.

"నేను ఆ పాపకు ఫోన్ చెయ్యను," అన్నారు చివరికి. "నువ్వే చెయ్యి. ఆదినారాయణప్పకు కూడా నువ్వే చెప్పు."

పండుగ అన్నం ఎవరూ సరిగా తినలేదు.

ఏప్రిల్ 21

ఇద్దరికీ ఫోన్ చేశాను. సుమ, "ఆలోచించి చెప్తాను ఆంటీ" అంది. అంతే.

ఆదినారాయణ అంతా విన్నాడు. తరువాత, "మా తాతల కాలంలో మనుషుల్ని లేపేసిరి. నువ్వు అంట్లను లేపేసినావు గదమ్మా! ఇంత మెత్తని మనిషివి!" అన్నాడు.

"క్షమించప్పా."

"పోయినేటివి పాయ. వానలు పడినాక మళ్లా పెడతాం. పెట్టేటప్పుడు నువ్వు వచ్చి నాలుగు అంట్లు నాటల్ల, చెప్తాండా. నీ చేత్తోనే."

వస్తానన్నాను. పెట్టెలు తీసుకుంటాడో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఏప్రిల్ 24

సుమ వచ్చింది. నేను కుర్చీలో ఉన్నాను. ఆయన తల ఎత్తి దానివైపు చూశారు, నావైపు చూశారు.

ఎవరూ లేపకముందే నేను లేచాను.

ఖమర్‌బీ కొట్టులో స్టూలు అడిగి తెచ్చుకున్నాను. "ఏమక్కా, ప్రమోషనా?" అంది. టేబుల్ చివర ఇరుకుగా వేసుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి స్క్రీను సగమే కనపడుతుంది.

ఆయనతో అన్నాను, "ఆ పాప చెప్పినదే పెట్టండి. నేను యూ-బూట్ అన్నది నా కోసం."

"నీ కోసమే అన్నావులే," అన్నారు ఆయన. "అయినా పాత బోర్డు మీద కొత్తది లేవని మాట నిజమా కాదా? చెప్పిన బుద్ధి సంగతి దేవుడు చూసుకుంటాడు. చెప్పిన మాట సంగతి నేను చూడల్ల గదా."

సుమ కూడా, "ఈ తోటలకు ఆంటీ చెప్పిందే కరెక్ట్ సార్. అన్ని రకాల బోర్డులూ ఒకేలా నడవాలంటే యూ-బూటే" అంది. నావైపు చూడకుండా అంది.

నేను గెలిచాను. ఇంత చేదుగా గెలవవచ్చని తెలియదు.

ఏప్రిల్ 26

సుమ నేర్పుతోంది. కొత్తది లేవనప్పుడల్లా యూ-బూట్ ఒక లెక్క పెంచుకుంటుంది. ఆ లెక్క మనం పెట్టిన హద్దు దాటితే, పాతదాన్ని లేపే దారిలోకి మళ్లుతుంది. ఆ హద్దు ఎంత, ఆ దారి ఏది, అన్నీ నేను అసూయ అనుకున్న ఆ ఎన్వీలోనే రాసి పెట్టాలి. ఒకటి అర్థం కాలేదు. రెండోసారి అడిగాను. చెప్పింది. మూడోసారి అడగాలనిపించింది. అడిగాను. విసుగు దాని గొంతులో కొంచెం వినపడింది. అది విన్నాక నాకు తేలికగా అనిపించింది.

ఏప్రిల్ 29

ఇవాళ పరీక్ష. పాత రకం బోర్డు, ఆదినారాయణ తోటదే. ముందు సుమ కాపీ తీసింది. కొత్త ప్రోగ్రాము ఎక్కుతూ ఉండగా ఆయన ప్లగ్గు పీకారు. మళ్లీ పెట్టారు. బోర్డు లేవబోయి పడిపోయింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ పడిపోయింది. నేను లోపల "ప్రభువా, ప్రభువా" అంటున్నాను. మీట ఎవరూ నొక్కలేదు. నొక్కే పని లేదు. అది తానే హద్దు దాటి, తానే దారి మళ్లి, పాతదాన్ని లేపింది. పచ్చ లైటు.

"లేచింది!" అని అరిచాము. నేను, సుమ, ఇద్దరమూ ఒకేసారి. ఆ పిల్ల అలా అరవగా వినడం అదే మొదలు.

ఆయన నవ్వారు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా. నవ్వుతూ ఎవరివైపు తిరిగారో చూశాను. అది ఇక్కడ రాయను.

ఇంటికి వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగాను. లోపలి మంట ఇంకా తగ్గలేదు. రేపు స్టూలును రోంత ముందుకు జరుపుకుంటాను, స్క్రీను మొత్తం కనపడేలా.